అందరూ కలిసి పిలిస్తే

మా ఆయన కనిపెట్టిన యంత్రం మొట్టమొదట మింగింది మా అత్తగారి భజనని.

ఈ ముక్క ఏ పత్రికలోనూ రాలేదు. పత్రికల్లో వచ్చిందల్లా ‘విశాఖ శాస్త్రవేత్త విజయం’ అని ఒక శీర్షిక, దాని కింద మా పెళ్ళినాటి కోటులో ఆయన ఫొటో. అసలు ప్రయోగం జరిగింది మాత్రం మా ముందుగదిలో, ఒక శుక్రవారం సాయంత్రం. అత్తగారి పేరు అప్పలనరసమ్మ. గొంతు కూడా పేరుకు తగ్గట్టే ఉంటుంది. ఆవిడ రాముడి మీద ఒక వరస ఎత్తుకున్నారు. చుట్టూ కూర్చున్న ఆడవాళ్ళంతా అందుకున్నారు. అంతే, గదినిండా ఎవరో దూది కుక్కినట్టయింది. నోళ్ళు కదులుతున్నాయి, తలలు ఊగుతున్నాయి, చప్పుడు లేదు. వంటింట్లో నా పోపు చిటపటలు మాత్రం నిక్షేపంగా వినిపిస్తున్నాయి.

అత్తగారు పాట ఆపి, చెవిలో వేలు పెట్టి గట్టిగా కుదిపి, “హైమా! నాకు చెముడొచ్చీసిందే!” అని కేకేశారు. ఆ కేక వీధి చివరి ఇస్త్రీబండి దాకా వినిపించింది.

వెనకగదిలోంచి మా ఆయన పరుగెత్తుకొచ్చారు. “పనిచేసింది! అమ్మా, ఇంకోసారి పాడండి, అందరూ కలిసి!”

ఆయన పేరు సన్యాసిరావు. విదేశీ పత్రికల్లో వ్యాసాలకి ఎస్. రావు అని రాసుకుంటారు గానీ వాళ్ళమ్మకి ఆ గౌరవాలేం పట్టవు.

“నా రాముణ్ణి మింగీసింది నీ పిశాచమేనట్రా సన్యాసీ?”

“పిశాచం కాదమ్మా, స్తంభం. ఒకళ్ళు ఎత్తుకుని పదిమంది అందుకుంటే, ఆ శబ్దాన్ని పట్టుకుంటుంది. ఒక్కళ్ళు మాట్లాడితే ముట్టుకోదు.”

చెవుల్లో పెట్టుకుంటే బయటి రొద వినబడకుండా చేసే పరికరాలు ఉన్నాయి కదా. వచ్చే శబ్దానికి సరిగ్గా ఎదురు శబ్దం పుట్టించి, రెండూ ఒకదాన్నొకటి తినేసేలా చేస్తాయి. మా ఆయన ఆ పని చెవికి కాక వీధికి చేశారు. పసిపిల్లల ఆసుపత్రి కిటికీ కింద ఊరేగింపులు, పెళ్ళి బ్యాండ్లు పోతుంటే పురిటిబిడ్డలు ఉలిక్కిపడి ఏడుస్తున్నారని, వాళ్ళ కోసం మొదలుపెట్టిన పని అది. నేనూ ఫిజిక్సు చదువుకున్నదాన్నే కనక, ఆ పని చూసి మనసులో ముచ్చటపడ్డాను. ఏ శబ్దాన్ని వదలాలో యంత్రానికి నేర్పడానికి ఆయన మా ఇంట్లో చప్పుళ్ళే వినిపించారు. కుక్కరు కూత, రుబ్బురోలు, పాలవాడి పిలుపు, అత్తగారు కొడుకుని తిట్టడం, నేను ఆయన్ని భోజనానికి పిలవడం, వీధికుళాయి దగ్గర బిందెల తగువు. తెల్లకోటు వేసుకున్న నలుగురు కుర్రాళ్ళు కుళాయి పక్కన మైకులు పట్టుకుని నిలబడితే, ఆ రోజు మా వీధి ఆడవాళ్ళు మామూలుకంటే రెట్టింపు శ్రద్ధగా పోట్లాడుకున్నారు.

భజనకీ, నినాదానికీ, డీజే వెనక గుంపు అరుపుకీ ఆ యంత్రానికి తేడా లేదు. దేవుడి మీదైనా సర్కారు మీదైనా, కలిసి నోరెత్తితే మింగేస్తుంది.

ఆ ‘సర్కారు మీదైనా’ అన్న ముక్కే చక్రపాణి గారిని మా ఇంటికి తీసుకొచ్చింది.

ఆ ఏడు మా ఊళ్ళో ప్రపంచ సాగర క్రీడలు. దేశదేశాల నుంచి పడవ పందేల వాళ్ళూ, ఈతగాళ్ళూ, ఇసకలో బంతాట ఆడేవాళ్ళూ వస్తున్నారు. గోడలన్నిటికీ నీలిరంగు పడింది. వీధికుక్కల్ని ఎక్కడికో పంపించారు. ఆ తరవాత వరస నూకాలమ్మపేటది. బీచి రోడ్డు కిందుగా, తాతల నాటి నుంచి చేపలవాళ్ళు ఉంటున్న పేట అది. సరిగ్గా వాళ్ళ పడవలు ఆగే చోటే బంతాటకి మెత్తటి ఇసక ఉందట. పేట ఖాళీ చెయ్యమన్నారు. వాళ్ళు కూర్చుని నినాదాలు మొదలుపెట్టారు.

చక్రపాణి గారు క్రీడల నిర్వాహక సంఘానికి కార్యదర్శి. మా సోఫాలో కూర్చుని, నేనిచ్చిన కాఫీ తాగుతూ ఎంతో మర్యాదగా చెప్పారు. “లాఠీలు మాకిష్టం లేదు మేడమ్. టీవీల్లో అసహ్యంగా ఉంటుంది. నిరసన తెలపడం వాళ్ళ హక్కు. మేమే షామియానా వేయిస్తాం, మంచినీళ్ళు పెట్టిస్తాం. వాళ్ళ స్వేచ్ఛకి మేం అడ్డురాం. వినబడకపోతే చాలు.”

“కాఫీలో చక్కెర సరిపోయిందాండీ?” అని అడిగాను. అప్పటికి నా నోటికొచ్చిన మర్యాద అంతే.

ఆ రాత్రి అన్నం దగ్గర మా ఆయన నా మొహం చూడకుండా, “ఆసుపత్రికి మనం అడిగితే నాలుగు స్తంభాలకి కూడా డబ్బివ్వలేదు హైమా. వీళ్ళు తీరం మొత్తానికి పెట్టిస్తామంటున్నారు. క్రీడలైపోయాక అవే ఆసుపత్రులకి ఇస్తారట” అన్నారు. పసిబిడ్డల పేరు ముందు పెడితే ఎదుటివాళ్ళకి మాట పెగలదు. ఆ సంగతి చక్రపాణి గారు బాగా ఎరుగుదురు.

నెల తిరిగేసరికి తీరం పొడుగునా స్తంభాలు లేచాయి. క్రీడల గుర్తు తాబేలు కనక ఒక్కో స్తంభం మీదా నవ్వుతూ ఒక తాబేలు బొమ్మ. దాని నోట్లో మైకు, డిప్పలో స్పీకర్లు, కంట్లో పచ్చదీపం. పిల్లలు వాటి పక్కన నిలబడి ఫొటోలు దిగేవారు.

మాకు చేపలు తెచ్చేది నూకరత్నం. పేట నుంచి తట్ట నెత్తిన పెట్టుకుని వచ్చి, గేటు దగ్గర “నెత్తళ్ళమ్మా, కానాగంతలమ్మా” అని పిలిస్తే మా పిల్లి నాకంటే ముందు పరుగెత్తేది. ఆమె వారం రోజులుగా కనిపించకపోతే, వంట ముగించుకుని నేనే బీచికి వెళ్ళాను.

షామియానా కింద పేటంతా ఉంది. ఆడా మగా పిడికిళ్ళు ఎత్తుతున్నారు, మెడనరాలు ఉబ్బుతున్నాయి, నోళ్ళు బార్లా తెరుచుకుంటున్నాయి. వినిపిస్తున్నది సముద్రం, ఐస్‌క్రీం బండి గంట. వాకింగుకి వచ్చిన పెద్దమనుషులు ఇదేదో మూకాభినయం అనుకున్నట్టున్నారు, ఒకాయన చప్పట్లు కూడా కొట్టాడు.

నన్ను చూసి నూకరత్నం బయటికొచ్చింది. పక్కన ఆమె మొగుడు ఎల్లాజీ. ఎత్తుగా, ఉప్పుగాలికి ఎర్రబడ్డ జుట్టుతో, ఎప్పుడూ నవ్వుమొహంతో ఉండే మనిషి.

“గొంతులు పోనాయమ్మా. ఒకలికి గాదు, పేటంతటికీ. మిరియాల కసాయం తాగినాం, అమ్మోరికి మొక్కినాం. ఇదేటి సిత్రమో, ఒక్కదాన్నే మాటాడితే బాగానే ఒత్తంది. అందరం కలిసి అన్నామంటే గాలి గూడా రాదు.”

ఎల్లాజీ నవ్వాడు. “దీనికి ఒక్కదానికే పోతే నాను రెండు కొబ్బరికాయలు కొట్టేవోణ్ణమ్మా.”

“నువ్వుండు మావా, నవ్వులాట నీకు! వల కాడ గూడా ఇదే గోలమ్మా. పాట రాదు. పాట నేకపోతే వలెలాగొత్తాది?”

వాళ్ళది అలివి వల. పడవ వెళ్ళి సముద్రంలో వలని అర్ధచంద్రాకారంగా వేసి వస్తుంది. ఒడ్డున రెండు జట్లు రెండు కొసల తాళ్ళు పట్టుకుని లాగుతాయి. ఒకడు పాట ఎత్తుకుంటే జట్టంతా ‘హైలెస్సా’ అని అందుకుంటుంది. ఆ అందుకోవడంలోనే అందరి చేతులూ ఒక్కసారి పడతాయి. రెండు జట్లూ ఒకే ఊపున లాగకపోతే వల మెలి తిరుగుతుంది. ఎల్లాజీ పని నీళ్ళలో. వల వెనకాలే ఈదుతూ, ఎక్కడైనా రాతికి పట్టేస్తే విడిపిస్తాడు.

నవ్వుతున్న తాబేలు వైపు చూపించి, “మీ గొంతులకేం కాలేదు, వాటి పని ఇది” అని చెప్పాను. ఎవరు చేశారో కూడా చెప్పాను. నూకరత్నం నా మొహంలోకి చూసి, “బాబుగోరా?” అంది. వెనక్కి తిరిగి షామియానా కిందికి వెళ్ళిపోయింది. తిట్టి ఉంటే బాగుండేది.

ఇంటికొచ్చి ఆయన్ని నిలదీశాను.

“నినాదాల్ని మింగేది ఎలాగూ మింగుతోంది. వాళ్ళ వలపాటేం చేసింది మిమ్మల్ని?”

“వలపాటా?” ఆయన నిజంగానే తెల్లబోయారు. పుట్టి పెరిగింది ఈ ఊళ్ళోనే. ఆ పాట చిన్నప్పుడు ప్రతి ఉదయం విన్న మనిషే. “నాకు తట్టలేదు హైమా. రేపు తీరం వైపు స్తంభాల జోరు తగ్గించమని అడుగుతాను.”

“అడగడమెందుకు? మీరు చేసినవే కదా?”

“చేసింది నేనే. తాళం వాళ్ళ దగ్గరుంది.”

అడిగారు. ప్రారంభోత్సవం దాకా దేన్నీ ముట్టుకోవద్దన్నారు. వలలు లాగడం కూడా క్రీడలయ్యేదాకా మానుకుంటే మంచిదని సలహా ఇచ్చారు. తిండి మానుకోమని మాత్రం అనలేదు, అది మన అదృష్టం.

ఎల్లాజీ పోయింది ఆ వారమే, పట్టపగలు.

వలలోపల చేప పడింది, కెరటం కూడా పెద్దదిగా ఉంది. పాట లేక, అవతలి జట్టుకి చేతులు ఊపి సైగలు చేసుకుంటూ లాగుతున్నారు. చేతులన్నీ తాడు మీద ఉన్నప్పుడు ఊపడానికి చేతులెక్కడివి? ఉత్తరం జట్టు తొందరగా లాగేసింది. వల మెలిపడి ఎల్లాజీ కాలికి చుట్టుకుంది. అతను మునుగుతూ తేలుతూ చెయ్యెత్తడం ఒడ్డున అందరూ చూశారు. అందరూ కలిసి అతని పేరు పెట్టి అరిచారు. కేకేసినంత దూరంలో క్రీడల జెట్టీ మీద, మోటారు పడవతో సహా, అయిదుగురు గజ ఈతగాళ్ళు అటు తిరిగి కూర్చుని ఉన్నారు. అతిథులు మునిగితే తీయడానికి పెట్టినవాళ్ళు. వాళ్ళలో ఒక్కడూ తల తిప్పలేదు. ఎవరో ఇసకలో పరుగెత్తి, వెళ్ళి భుజం పట్టుకుని కుదిపేసరికి ఆలస్యమైపోయింది.

నేను పరామర్శకి వెళ్ళిన రోజునే చక్రపాణి గారూ వచ్చారు. తెల్లబట్టలు, చేతిలో పూలు, వెనక ఒక కెమెరా. సంతాపం చెప్పి, ఆ తరవాత మెల్లిగా, “విచారణ పూర్తయిందమ్మా. నిర్వాహకుల తప్పేం లేదని తేలింది. ఎందుకంటే సహాయం కోసం ఎవరూ పిలవలేదు” అన్నారు.

నూకరత్నం తలెత్తింది.

ఆయన ఫోను తీసి ఆ ఉదయం జెట్టీ మీద రికార్డయిన శబ్దం వినిపించారు. కెరటాలు. కాకులు. ఎవరిదో ఫోను మోగడం. ఈతగాడు ఒకడు ఆవలించడం కూడా వినిపించింది. మనిషి కేక మాత్రం లేదు.

“చూశారా? మేం దాచిందేం లేదు. కేక వినబడి ఉంటే పరుగెత్తేవాళ్ళు. గాభరాలో నోరు పెగలదు, సహజం. మీ తప్పని నేననడం లేదు.”

“నాను పిలిసినాను బాబూ.”

“అమ్మా, రికార్డులో...”

“పేరెట్టి పిలిసినాను! పెళ్ళయిన కాణ్ణుంచీ మావా అన్నానే గానీ ఆడి పేరు నా నోట రానేదు. మా యింటా వొంటా నేదు. ఆ పొద్దు పేరెట్టి పిలిసినాను, పేటంతా పిలిసినాది. పిలవనేదంటే ఎలాగ?” ఆమె గొంతు పెరగలేదు, తగ్గలేదు. “ఆడు పోనాడు. రాడు, నాకు తెల్సు. నాను పిలవనేదన్న మాట మాత్తరం తీసీయండి.”

చక్రపాణి గారు కెమెరా వైపు చూసి, నొచ్చుకున్నట్టు కళ్ళు దించుకున్నారు. ఆ నొచ్చుకోవడం ఎక్కడ నేర్పుతారో గానీ మంచి కోర్సు అయి ఉంటుంది.

ఇంటికెళ్ళి చెప్పులు కూడా విప్పకుండా ఆయన గదిలోకి వెళ్ళాను. దీపం కూడా వేసుకోకుండా కూర్చుని ఉన్నారు.

“అపాయం కేకల్ని వదిలేస్తుంది హైమా. పరీక్షించాం. మా కుర్రాడొకడు నడుంలోతు నీళ్ళలో నిలబడి ‘కాపాడండి’ అని అరిచాడు. జెట్టీ దాకా వినబడింది.”

“ఒక్కడే అరిచాడా?”

ఆయన తలూపారు.

“మనిషి మునిగిపోతుంటే ఒడ్డున ఒక్కళ్ళే అరుస్తారని మీ ల్యాబులో ఎవరు చెప్పారు? నూకరత్నం ఒక్కతే అక్కడ ఉండి ఉంటే ఆమె కేక వినబడేది. ఎల్లాజీ బతికేవాడు. పేటంతా అతని కోసం అరిచింది కాబట్టి పోయాడు. అతను అందరికీ కావలసినవాడు కావడం వల్ల పోయాడు. అర్థమవుతోందా మీకు?”

“అవుతోంది.”

“ఇంకో సంగతి. వినకుండా మింగలేదు కదా మీ యంత్రం? ముందు విని, తరవాతే కదా మింగేది? అంటే ఆ పొద్దున ఆ కేకని స్పష్టంగా, ముక్కముక్కా విన్నది ఒక్కటే. ఆ తాబేలు. విన్నది ఎక్కడ దాచింది?”

“దాచదు. విన్న మరుక్షణమే చెరిపేస్తుంది. జనం మాటలు రికార్డు చెయ్యకూడదని... వాళ్ళ గోప్యత కోసం.”

“ఎంత మంచి మనసండీ మీ అందరిదీ!”

మర్నాడు ఆయన సంఘానికి వెళ్ళి నిజం చెప్పారు. విచారణ మళ్ళీ జరిపించమన్నారు. క్రీడలయ్యాక చూద్దామన్నారు. ఒప్పందం ప్రకారం యంత్రం గురించి బయట నోరెత్తితే జైలని గుర్తుచేశారు. ప్రారంభోత్సవానికి గ్యాలరీల దగ్గర కూడా స్తంభాలు పెడుతున్నాం, మీరే దగ్గరుండి చూసుకోవాలని, స్తంభాల్ని నడిపే, వాటి మైకులన్నీ వినిపించే గాజుగదిలో కుర్చీ వేశారు. ముఖ్య అతిథి ఉపన్యాసం మధ్యలో ఎవరూ అరవకూడదట. చప్పట్లకి మాత్రం అనుమతి ఉంది.

ఇదంతా విన్న అత్తగారు ముక్కుపుడక సర్దుకున్నారు. “నా రాముణ్ణి మింగీసినప్పుడే అనుకున్నాను, ఇది మనుషుల్ని గూడా మింగుతాదని. ఒసే హైమా, ఒక్కళ్ళు తిడితే వినబడతాది కదా? నేను వెళ్ళి ఒక్కదాన్నే తిట్టీసొస్తాను.”

“ఒక్కరు తిడితే పిచ్చిదని పక్కకి లాక్కెళ్తారు అత్తయ్యా. చాలామంది ఉండాలి. అందరూ మాట్లాడాలి. కలిసి మాత్రం మాట్లాడకూడదు.”

“అందరూ మాటాడీసి, ఎవరి మాట వాళ్ళదే అయితే అది కుళాయి కాడ తగువవుతాది గానీ...” అని ఆవిడ ఆగిపోయారు. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. తెల్లకోట్ల కుర్రాళ్ళు మైకులు పట్టుకున్న ఆ రోజు ఇద్దరికీ ఒకేసారి గుర్తొచ్చింది.

గ్యాలరీ ముందు ఇసకలో అతిథుల కోసం ఒక ‘మత్స్యకార గ్రామం’ కట్టారు. అసలు పేటని ఖాళీ చెయ్యమని, పక్కనే నకలు పేట. రంగులేసిన తెప్పలు, నీళ్ళు రాని కుళాయి, ప్లాస్టిక్ చేపలు. అందులో చేపలు పట్టే జలరివాళ్ళలా తిరగడానికి హైదరాబాదు నుంచి నటులొస్తున్నారు. అదే మా వేదిక.

నేర్పడం అనుకున్నంత తేలిక కాలేదు. పేటలో ఆడవాళ్ళని కూర్చోబెట్టి, “ఎవరి మాటలు వాళ్ళవి, ఎవరి జోరు వాళ్ళది. పక్కావిడ అన్నది అందుకోవద్దు” అని చెప్పాను. మొదలుపెడతారు, రెండో నిమిషానికి ఒకావిడ ఎల్లాజీ పేరెత్తుతుంది, మిగతావాళ్ళ గొంతులు తెలియకుండానే వెళ్ళి అందులో కలుస్తాయి. వెంటనే దూది కుక్కినట్టు నిశ్శబ్దం. దుఃఖం వస్తే అందరిదీ ఒకే గొంతవుతుందని అప్పుడే చూశాను. అత్తగారు మధ్యలో నిలబడి, “ఏడవకండే! పోట్లాడండి! ఏడుపుకి తాళం ఉంటాది, తిట్టుకి ఉండదు!” అని గదమాయించేవారు. ఆవిడ భజన బృందం మొత్తం కూడా వచ్చింది, రాముడి తరఫున.

ప్రారంభోత్సవం నాడు పొద్దున్న ఆయన టిఫిను తింటుంటే చెప్పాను. “మేమూ వస్తున్నాం.”

“నినాదాలా?” అన్నారు భయంగా.

“ఛ. నీళ్ళకి.”

ఆయన నా చేతిలో బిందె చూశారు. ఏదో అనబోయి, చెయ్యి కడుక్కుని వెళ్ళిపోయారు.

బిందెలు పట్టుకుని నకలు పేటలోకి నడిచి వెళ్తుంటే కాపలావాడు నటులమనుకున్నాడు. “మేకప్ బాగా కుదిరిందమ్మా” అని నూకరత్నాన్ని మెచ్చుకున్నాడు కూడా. గ్యాలరీలు కిటకిటలాడుతున్నాయి. వేదిక మీద ముఖ్య అతిథి సముద్రం గురించీ, సముద్రంలాంటి మన మనసుల గురించీ మొదలుపెట్టారు. కెమెరాలు తీరం అందాల కోసం మా వైపు తిరిగాయి.

అత్తగారు బిందె ఠంగున కుళాయి కింది రాయి మీద పెట్టారు.

“ఓసి నా తల్లే! ముందొచ్చింది నేను, నీళ్ళు పట్టింది నువ్వూనా?”

“ముందొచ్చినోళ్ళకే దిక్కు నేదు! మా తాత ముందొచ్చినాడు ఈ ఇసకలోకి, ఇయేల మమ్మల్ని పొమ్మంటన్నారు!”

“పోతే పోయావు, ఆ తాబేలు సంగతి చెప్పవేం? మా పాటలు మింగీసి నవ్వుతా నిలబడ్డాది!”

“పాటలేటి పిన్నీ, మనిసిని మింగీసినాది! ఆ జెట్టీ మీద కూకున్న దున్నలకి ఇనబడనేదంట!”

“ఇనబడితేగా! మనం కలిసి అరిస్తే ఆపీసే మిషనంట, బాబులు తెచ్చి ఎట్టినారు!”

తగువు మాట మాటకీ పెరిగింది. ఒక్క మాట ఇంకొక మాటతో కలవలేదు. స్తంభాలన్నీ మా కుళాయి తగువు విని, ఇది ఊరి ముచ్చటే అనుకుని శ్రద్ధగా వదిలేశాయి. వేదిక మీద మైకులు కూడా అందుకున్నాయి. గ్యాలరీలో మొదట నవ్వులు లేచాయి. తరవాత ఒక్కొక్కరే నవ్వు ఆపారు. ముఖ్య అతిథి కాగితం మీద చోటు తప్పిపోయి, నీళ్ళు తాగారు. చక్రపాణి గారు మెట్లు దిగి మా వైపు పరుగు లాంటి నడకతో రావడం కనిపించింది.

అప్పుడు నూకరత్నం బిందె కింద పెట్టింది. సముద్రం వైపు తిరిగింది. ఇది మేం అనుకున్నది కాదు.

“ఎల్లాజీ!”

ఒక్కతే పిలిచింది. ఆ పేరు స్తంభాల మధ్య నుంచి, గ్యాలరీల మీదుగా, నీళ్ళ దాకా వెళ్ళింది. జెట్టీ మీద ఈతగాళ్ళు అయిదుగురూ ఒక్కసారి తల తిప్పారు. అది అందరూ చూశారు.

“ఎల్లాజీ!” అంది మళ్ళీ. ఈసారి మా ఆడవాళ్ళు ఉండబట్టలేకపోయారు. నేర్పినదంతా మరిచిపోయి, పేటంతా ఒక్క గొంతుతో అందుకుంది.

పడిపోయింది నిశ్శబ్దం. తీరం మీద చెయ్యి పెట్టి ఎవరో నొక్కేసినట్టు. ఇంతమంది నోళ్ళు తెరుచుకుని, మెడలు ఉబ్బి, కన్నీళ్ళు కారుతుంటే, పైన కాకి అరుపు వినిపిస్తోంది. గ్యాలరీలో జనం లేచి నిలబడ్డారు. ఎవడో కుర్రాడు “ఆపండి దాన్ని!” అని అరిచాడు. వినిపించింది. వరసలకి వరసలు “ఆపండి!” అని అందుకున్నాయి. వినిపించలేదు. వాళ్ళు గొంతులు పట్టుకుని ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. టిక్కెట్టు కొనుక్కుని వచ్చిన గొంతులు కూడా పోతాయని వాళ్ళకి అంతవరకూ తెలియదు.

నేను దగ్గర్లో ఉన్న తాబేలు దగ్గరికి వెళ్ళాను. దాని నోట్లోకి, రోజూ వంటింట్లోంచి పిలిచే గొంతుతోనే పిలిచాను. ఆ గొంతు దానికి బాగా తెలుసు, ఆయన నేర్పినదే కదా.

“ఏమండీ, వింటున్నారుగా? అన్నీ మీకు వినిపిస్తూనే ఉంటాయిగా అక్కడ? ఇంక కట్టేసి బయటికి రండి. అన్నం చల్లారిపోతోంది.”

గాజుగదిలో ఆయన కుర్చీలోంచి లేవడం కనిపించింది. పక్కనున్న ఇద్దరు చెయ్యి పట్టుకోబోయారు. ఆయన విదిలించుకున్నారు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన ఒకళ్ళని విదిలించుకోవడం అదే మొదటిసారి చూశాను. ఒక్కొక్క తాబేలు కంట్లో పచ్చదీపం ఆరిపోతూ వచ్చింది.

శబ్దం తిరిగొచ్చింది. పేట పిలుస్తూనే ఉంది, గ్యాలరీలు అరుస్తూనే ఉన్నాయి. ఒక్కసారిగా వచ్చి మీద పడేసరికి కెమెరా పట్టుకున్నవాడు వెనక్కి తూలాడు.

నూకరత్నం పిలవడం ఆపింది. ఆయాసపడుతూ, అప్పటికే మా దగ్గరికి చేరుకున్న చక్రపాణి గారి వైపు తిరిగింది.

“ఇప్పుడు ఇనబడ్డాదా బాబూ?”

ఆయన పెదాలు కదిలాయి. చప్పుడు రాలేదు. తాబేళ్ళన్నీ ఆరిపోయే ఉన్నాయి.